చెయ్యి దూరని బోల్టు

చిరంజీవులకు ఆశీస్సులు.

బండ్ల పని నేర్చుకుంటున్న మీలో చాలామందికి ఒకటే విసుగు. విప్పాల్సింది ఒక్క బోల్టే, ఎదురుగా కనబడుతూనే ఉంటుంది. పానా పడితే తిరగడానికి చోటుండదు, చోటున్న వైపు నుంచి పానా పట్టదు. రెండూ కుదిరాయనుకునేసరికి వేళ్లు పైపుకు కొట్టుకుని తోలు లేస్తుంది. అప్పుడు మీకు పని రాదేమోనన్న అనుమానం వస్తుంది. అలా అనుకోవద్దు. ఆ ఇరుకు ఎలా వచ్చిందో చెబుతాను.

ఫ్యాక్టరీలో చాలా కార్లకు ఇంజను, గేర్‌బాక్సు బయటే కలిపేసి, ఆ తర్వాతే బాడీలో కూర్చోబెడతారు. బోల్టు బిగించినప్పుడు దాని చుట్టూ బోలెడంత ఖాళీ. మీరు విప్పే రోజుకు ఆ ఖాళీలోకి రేడియేటరు, పైపులు, వైర్లు అన్నీ వచ్చి చేరాయి. పాత అంబాసిడర్ బోనెట్ ఎత్తితే ఇంజను బండి పొడవునా నిలువుగా ఉండి, రెండు పక్కలా చేతులు దూరేవి. 1959లో ఇంగ్లండులో అలెక్ ఇస్సిగోనిస్ రూపొందించిన మినీ కారులో ఇంజనును అడ్డంగా పెట్టి, ముందు చక్రాలతోనే బండిని లాగించారు. పది అడుగుల కారులో నలుగురికి చోటు దొరికింది. మనకు 1983 చివర్లో వచ్చిన మారుతి 800 కూడా ఆ అమరికదే. కూర్చునేవాళ్లకు కలిసొచ్చిన ఆ చోటు మెకానిక్ చేతుల దగ్గర తగ్గింది. అది మంచి బేరమే, కాదనను. కానీ ఆ బేరంలో మెకానిక్‌ను ఎవరూ సంప్రదించలేదు.

ఇక ట్రాక్టరు సంగతి. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి లారీకున్నట్టు విడిగా ఛాసీ, అంటే అన్నిటినీ మోసే ఇనుప చట్రం ఉండదు. ఇంజను, గేర్‌బాక్సు, వెనక హౌసింగు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే దాని వెన్నెముక. క్లచ్ ప్లేటు ఉండేది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యలో. అందుకే దమ్ము చేసేటప్పుడు ప్లేటు అరిగిపోతే ట్రాక్టరును నడుముకు రెండుగా విడదీయాల్సిందే. విడదీయక ముందే, ముందు చక్రాల ఇరుసుకూ దాని పైనున్న భాగానికీ మధ్య సందులో రెండు వైపులా చెక్క చీలలు బిగించి కొట్టాలి. ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, చీలలు లేకపోతే ఇంజను భాగం పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. మళ్లీ కలిపేటప్పుడు గేర్‌బాక్సు షాఫ్టు గాడులు ప్లేటు గాడుల్లో సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంజను చివరనుండే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీలును కొంచెం కొంచెం తిప్పుతూ నెట్టాలి. సందు మిగిలి ఉండగానే బోల్టులు బిగించి లాగారో, పోత హౌసింగు పగులుతుంది. రైతు "ప్లేటు కన్నా కూలి ఎక్కువైందేమిటి" అని అడిగితే ఇదంతా ఓపికగా చెప్పండి. ఆయన డబ్బు కట్టేది ప్లేటు దాకా వెళ్లే దారికి. ఆ దారి తెరిచిన రోజే క్లచ్ తొక్కినప్పుడు దాన్ని నొక్కే రిలీజు బేరింగు, ఫ్లైవీలు వెనక ఆయిల్ సీలు కూడా చూసేయండి. చిన్న సీలు కారుతోందని మూడు నెలలకు మళ్లీ ట్రాక్టరు విడదీయించడం అన్యాయం.

చోటు లేనప్పుడు పనికొచ్చే కిటుకు మీ చేతిలోనే ఉంది. రెండు వైపులా నోరు తెరిచి ఉండే పానాను ఒకసారి బల్ల మీద పెట్టి చూడండి. నోరు పిడికి తిన్నగా ఉండదు, 15 డిగ్రీలు పక్కకు వాలి ఉంటుంది. ఆరు పలకల నట్టుకు మళ్లీ పట్టు దొరకాలంటే పానా 60 డిగ్రీలు తిరగాలి. ఇరుకులో అంత జాగా ఉండదు. ఆ వాలు వల్ల పానాను ప్రతిసారీ తిరగేసి పెడితే 30 డిగ్రీల చోటు చాలు. పన్నెండు మూలల రింగు పానాకూ అంతే. ఒకవైపే పట్టి, వెనక్కి తిప్పితే జారే రాట్చెట్ పానా 72 పళ్లది అయితే ఐదు డిగ్రీలు ఊపినా పని జరుగుతుంది. ఇంత ఆలోచించి పానా చేసిన ఆ పనివాడెవరో గానీ, ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కనబడని బోల్టును ఎక్కించేటప్పుడు బోల్టు తలకు తొడిగే సాకెట్లో కాస్త గ్రీజు పెట్టండి, జారిపోదు. ముందు వేళ్లతో వెనక్కి తిప్పండి. మర మొదలు దగ్గర చిన్నగా టిక్కుమని దిగుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర వంకరగా పట్టదు. వేళ్లతో రెండు చుట్లు తిరగనిదే పానా పెట్టకండి. కోపం వస్తే చెయ్యి తీసేసి మంచినీళ్లు తాగి రండి. కోపంలో లాగితే నట్టు మూలలు అరుగుతాయి, ఆపైన డ్రిల్లే గతి. సెల్ఫ్ మోటారు దగ్గరికి వెళ్లే ముందు బ్యాటరీ నెగటివ్ తీయడం, జాకీని ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకపోవడం, ఈ రెండిటికీ మినహాయింపు లేదు.

ఈ ఇరుకు గురించి ప్రభుత్వాలూ పట్టించుకోవడం మొదలుపెట్టాయి. ఫ్రాన్సులో 2021 జనవరిలో ఫోన్లు, వాషింగ్ మెషిన్ల వంటి కొన్ని వస్తువుల మీద మరమ్మతుకు పదికి ఎన్ని మార్కులో వేసి అమ్మడం మొదలుపెట్టారు. విప్పడం ఎంత తేలిక అన్నదానికీ అందులో మార్కులు పెట్టారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాలు, వాహనాలు కూడా ఉన్నాయి. ట్రాక్టర్ల మీద కూడా అలాంటి మార్కులు వేయాలని నా కోరిక.

అంతవరకూ మీరే వేయండి. ఇంట్లో ట్రాక్టరు కొనాలనుకుంటే నాన్నగారితో పాటు షోరూముకు వెళ్లండి. రంగు చూశాక బోనెట్ ఎత్తించి, ఆయిల్ ఫిల్టరుకు మీ చెయ్యి అందుతుందో లేదో పెట్టి చూడండి. సెల్ఫ్ మోటారు పై బోల్టు మీద సాకెట్ పడుతుందా, క్లచ్ మార్చడానికి ఎన్ని గంటల కూలి వేస్తారు అని అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోతే వెనక సర్వీసు షెడ్డులో మెకానిక్ ఉంటాడు, ఆయనను అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య