పెద్ద నంబర్ల మీద అపోహలు - వాస్తవాలు (మన పిన్ కోడ్లతోనే)

కడపలో గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లోళ్లకి లెక్కలు చెప్తుంటా. కొత్త బ్యాచ్ మొదలైన రోజు బోర్డు మీద మా ఊరి పిన్ కోడ్ 516001 రాసి ఇది ప్రధాన సంఖ్యా కాదా అని అడుగుతా. ప్రైమే సార్ అంటారు సగం మంది, ఎట్ల చెప్పినావురా అంటే చివర ఒకటి ఉంది కద సార్ అంటారు.

అపోహ: చిన్న ఎక్కాల్లో పోకపోతే ప్రైమే

2, 3, 5, 7, 11, 13 దేంట్లోనూ పోదు నిజమే, ఇంక చాల్లే అని పెన్ను కింద పెట్టేస్తారు, సరిగ్గా ఆ తర్వాత వచ్చే 17లో పోతుంది! 17 × 127 × 239. అనంతపురం 515001 అయితే అంకెలు కూడితే 12 వస్తుంది కాబట్టి మూడో ఎక్కం వరకు పట్టేస్తారు, మిగిలిన 171667 దగ్గర ఆగిపోతారు, అది 41 × 53 × 79. కర్నూలు 518001 ఏమో 3 × 11 × 11 × 1427. ఈ 1427 మాత్రం నిజంగానే ప్రైమ్, నమ్మకపోతే 37 దాకా ఉన్న ప్రైమ్‌లతో భాగించి చూస్కోండబ్బా.

అపోహ: సగం దాకా భాగించాల

అక్కర్లేదు, వర్గమూలం దాకా చాలు. నంబరు రెండు సంఖ్యల లబ్ధమైతే ఆ రెండూ ఒకేసారి వర్గమూలం కన్నా పెద్దవి కాలేవు కదా. 516001కి అది 718 చిల్లర, ఆ లోపల ప్రైమ్‌లు 127. పరీక్ష హాల్లో అన్ని కూడా ఎవరూ చెయ్యరు, అది వేరే సంగతి.

అపోహ: నంబరు పెద్దదైతే కారణాంకాలూ ఎక్కువే

60కి 12 కారణాంకాలు, అంత పెద్ద 518001కీ పన్నెండే. పైన రాసిన 3 × 11² × 1427లో ఘాతాలు 1, 2, 1 కదా, వాటికి ఒక్కోటి కలిపి గుణించుకోవడమే, 2 × 3 × 2. మా కడపకు ఎనిమిదే, అంటే 24కి ఉన్నన్ని. అక్కడినుంచి 359 ముందుకెళ్తే ప్రొద్దుటూరు 516360, దానికి 64! బంగారమే కాదు కారణాంకాలూ ఆ ఊర్లోనే ఉన్నాయి. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటినీ కారణాంకాల్లో దాటేసే 12, 24, 60, 720 లాంటి సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పేపరే రాశారు.

అపోహ: ప్రైమ్ కాదని తేలితే కారణాంకాలు దొరికినట్టే

ఇది నాకు భలే ఇష్టం. 67 రెండ్లను ఒకదాంతో ఒకటి గుణించి, వచ్చిందాంట్లో ఒకటి తీసేస్తే 147573952589676412927. 1644లో మెర్సెన్ దీన్ని ప్రైమ్‌ల లిస్టులో వేసినాడు, 1876లో లూకాస్ కాదని నిరూపించినాడు కానీ ఎందులో పోతుందో ఆయనకీ తెలీదు, 1903లో కోల్ అనే ఆయన 193707721 × 761838257287 అని చూపించేదాకా ఎవరికీ తెలీలేదు. మొన్న ఇది బోర్డు మీద రాస్తే వెనక బెంచీ నుంచి ఒకడు, చివర 27 ఉంది కద సార్ మూడో ఎక్కంలో పోదా అన్నాడు. వాడిచేతనే అంకెలన్నీ కూడిపించినా, 109 వచ్చింది.