కంప్యూటర్ ఇంటికి రాకముందే ముగిసిన పోటీ

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కి మారమంది. మారాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. ఆ ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంతకుముందు కొన్న సిస్టమ్‌లు చాలావరకు గీతకు అవతలే ఉండిపోయాయి. హోల్‌సేల్ కొట్లో బిల్లులు కొట్టేవి, నెట్ సెంటర్లో పరీక్షల అప్లికేషన్లు నింపేవి కూడా వాటిలో ఉన్నాయి. రోజూ పొద్దున ఆన్ చేస్తే సాయంత్రం దాకా పనిచేసే మెషిన్ల ఆయుష్షు ఎక్కడో అమెరికాలో, మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌లో ఖరారైంది.

ఇంత అధికారం ఒక్క కంపెనీకి ఎలా వచ్చింది? మంచి సరుకు కాబట్టి గెలిచిందని చాలామంది అనుకుంటారు. నలభై ఏళ్ల చరిత్ర చదివితే నాకు అలా అనిపించదు. డెస్క్‌టాప్ మార్కెట్లో వాటాలు తేలింది ఎక్కువగా కంప్యూటర్ తయారీదారులతో కుదిరిన ఒప్పందాల్లో. కొనేవాడు షాపు మెట్లెక్కేసరికి ఆ నిర్ణయం అయిపోయి ఉండేది.

మొదటి ఒప్పందం ఐబీఎంతో. 1980లో ఐబీఎం చిన్న కంప్యూటర్ తయారీకి దిగింది. త్వరగా మార్కెట్లోకి రావాలని, కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ అయిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను బయట నుంచి తీసుకుందామనుకుంది. అప్పటికి ఆ రంగంలో పేరున్నది గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం. ఆయన కంపెనీ డిజిటల్ రీసెర్చ్‌తో మాటలు కుదరలేదు. మైక్రోసాఫ్ట్ దగ్గర సొంత ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోయినా ఇస్తానని ఒప్పుకుంది. సియాటెల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అనే చిన్న సంస్థలో టిమ్ ప్యాటర్సన్ రాసిన 86-డాస్‌కు ముందు లైసెన్స్ తీసుకుని, 1981 జూలైలో 50 వేల డాలర్లిచ్చి పూర్తి హక్కులు కొనేసింది. మైక్రోసాఫ్ట్ డాస్ అంటే అదే. అదే ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. సీపీ/ఎం కూడా తర్వాత ఆ పీసీకి వచ్చింది గానీ దాని ధర 240 డాలర్లు, డాస్ ధర 40 డాలర్లు. ఇక ఎవరు ఏది కొంటారో చెప్పక్కర్లేదు.

ఆ ఒప్పందంలో అసలు విషయం వేరే ఉంది. డాస్‌ను ఇతర కంపెనీలకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ తన దగ్గరే ఉంచుకుంది. ఐబీఎం అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1982 నవంబర్‌లో కాంపాక్ కంపెనీ, ఐబీఎం బయోస్‌ను (ఆన్ చేయగానే హార్డ్‌వేర్‌ను సిద్ధం చేసే ప్రోగ్రామ్) కాపీ కొట్టకుండా అదే పని చేసే కొత్త బయోస్ రాసి, అచ్చంగా ఐబీఎం పీసీలా నడిచే కంప్యూటర్ ప్రకటించింది. అమ్మకాలు మొదలైన ఏడాదిలోనే 50 వేలకు పైగా అమ్మింది. దాని వెంట ఇంకెందరో వచ్చారు. హార్డ్‌వేర్ కంపెనీలు ఒకదానితో ఒకటి ధరలు తగ్గించుకుంటూ పోటీపడితే, వాళ్లందరికీ కావలసిన డాస్ ఒక్క చోటే దొరికేది. మన ఊళ్లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లు వెలిసినప్పుడు డాస్, వర్డ్‌స్టార్, లోటస్ అని బోర్డులు కట్టారంటే దానికి మూలం ఈ ఒప్పందమే.

1984లో ఆపిల్ మెకింతోష్ మౌస్‌తో, బొమ్మలతో వచ్చింది. చూడ్డానికి డాస్ కంటే ఎంతో ముందుంది. కానీ ఆపిల్ తన సిస్టమ్‌ను తన పెట్టెలోనే అమ్మింది, పెట్టె ఖరీదెక్కువ. 1985లో వచ్చిన మొదటి విండోస్ నత్తనడకే నడిచింది. 1990లో విండోస్ 3.0 నిలదొక్కుకుంది. 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చేసరికి పోటీ దాదాపు ఏకపక్షమైపోయింది.

మధ్యలో ఏం జరిగిందో కొంచెం నెమ్మదిగా చూడాలి. ఆ రోజుల్లో చాలామంది తయారీదారులతో మైక్రోసాఫ్ట్ ‘ప్రాసెసర్ లెక్కన’ లైసెన్స్ రాయించుకునేది. కంపెనీ ఎన్ని కంప్యూటర్లు అమ్మితే అన్నింటికీ మైక్రోసాఫ్ట్‌కు డబ్బు కట్టాలి. అందులో డాస్ వేశారా, వేరేది వేశారా అన్న ప్రశ్నే లేదు. డాస్‌కు పోటీగా డిజిటల్ రీసెర్చ్ తెచ్చిన డీఆర్-డాస్ పెట్టి అమ్మాలనుకున్న తయారీదారుడు రెండుసార్లు డబ్బు కట్టాల్సిందే. అలాంటప్పుడు ఇంకొకటి ఎవరు పెడతారు? అమెరికా ప్రభుత్వం దీనిపై విచారణ జరిపితే 1994 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతి మానుకుంటానని రాసిచ్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

బీఓఎస్ సంగతి నాకు మరీ బాధగా ఉంటుంది. ఆపిల్ నుంచి బయటికొచ్చిన జాన్ లూయీ గాసే పెట్టిన బీ అనే కంపెనీ, వీడియో, సంగీతం పనులకు చురుగ్గా నడిచే కొత్త సిస్టమ్ చేసింది. జపాన్‌లో హిటాచీ కంపెనీ తన కంప్యూటర్లలో విండోస్ పక్కన దాన్ని కూడా వేసి ఇవ్వడానికి ముందుకొచ్చింది. కానీ మెషిన్ ఆన్ చేస్తే బీఓఎస్ ఉన్నట్టు కనిపించే ఏర్పాటు లేదు. మైక్రోసాఫ్ట్ లైసెన్స్ షరతుల వల్లే అలా జరిగిందని బీ ఆరోపించి 2002లో కోర్టుకెళ్లింది. 2003లో తప్పు ఒప్పుకోకుండానే మైక్రోసాఫ్ట్ 2 కోట్ల 32 లక్షల 50 వేల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. ఆ డబ్బు వచ్చేనాటికి బీ తన టెక్నాలజీని అమ్మేసుకుని మూతపడే దారిలో ఉంది.

ఒప్పందాల తర్వాత రెండో గోడ ప్రోగ్రాములది. అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ గుత్తాధిపత్యంపై 1998లో వేసిన కేసులో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబర్‌లో తేల్చిన విషయాల్లో దీని వివరం ఉంది. ఇంటెల్ తరహా పీసీల్లో అంతకుముందు పదేళ్లలో ఏ ఏడాదీ మైక్రోసాఫ్ట్ వాటా 90 శాతానికి తగ్గలేదు. విండోస్‌కు 70 వేలకు పైగా ప్రోగ్రాములుంటే, మ్యాక్‌కు సుమారు 12 వేలు, ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/2కు సుమారు 2,500. వాడేవాళ్లు ఎక్కువున్న చోటికే ప్రోగ్రాములు రాసేవాళ్లు వెళ్తారు, ప్రోగ్రాములున్న చోటికే వాడేవాళ్లు వస్తారు. ఈ చక్రంలోకి కొత్తవాడు దూరడం ఎంత కష్టమో తెలుగు డీటీపీ సెంటర్లలో పనిచేసినవాళ్లను అడగండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, వాటి కీబోర్డు లేఅవుట్ చేతివేళ్లకు అలవాటైపోయాక, ఇవన్నీ విండోస్‌లోనే నడుస్తుంటే, విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ ఎంత ఉచితమైనా పెళ్లి శుభలేఖ ఎలా కొడతారు?

మన దగ్గర మూడో కారణం కూడా ఉంది. అసెంబుల్డ్ కంప్యూటర్ కొంటే షాపువాడే లైసెన్స్ లేని విండోస్ వేసి ఇచ్చేవాడు. కొన్నవాళ్లకు అది ఉచితం, లినక్స్ కూడా ఉచితమే. ఇక అలవాటైనదాన్ని వదిలే కారణం లేదు. 1998లో చైనా గురించి మాట్లాడుతూ బిల్ గేట్స్ ఈ సంగతి నేరుగానే చెప్పారు. ఎలాగూ దొంగతనం చేస్తారు కాబట్టి మాదే చేస్తే మేలు, అలవాటుపడ్డాక డబ్బు ఎలా రాబట్టాలో తర్వాత చూసుకుంటాం అన్నది ఆ మాటల సారాంశం.

మైక్రోసాఫ్ట్‌ను రెండు ముక్కలు చేయాలని 2000 జూన్‌లో జాక్సన్ ఇచ్చిన ఆదేశాన్ని ఏడాదికి పై కోర్టు కొట్టేసింది. గుత్తాధిపత్యాన్ని నిలుపుకోవడానికి చట్టం తప్పిందన్న తీర్పు మాత్రం నిలిచింది. తర్వాత కేసు రాజీతో ముగిసింది.

లినక్స్‌ను 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినా ఇంటి కంప్యూటర్ దాకా తెచ్చింది ముఖ్యంగా 2004లో వచ్చిన ఉబుంటు అనే లినక్స్ రకం. అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపింది. దాన్ని స్థాపించిన మార్క్ షటిల్‌వర్త్ తమ లోపాల జాబితాలో మొదటి నంబర్ కింద రాసుకున్నది మార్కెట్లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌దే అన్న మాట. 2007లో ఆసుస్ నెట్‌బుక్ అనే చిన్న, చవక ల్యాప్‌టాప్‌ను లినక్స్‌తో తెచ్చి బాగా అమ్మింది. వెంటనే మైక్రోసాఫ్ట్ పాత విండోస్ ఎక్స్‌పీ అమ్మకాన్ని చవక మెషిన్ల కోసం మరో రెండేళ్లు పొడిగించింది. 2009 నాటికి అమెరికాలో అమ్ముడయ్యే నెట్‌బుక్‌లలో 90 శాతం దాటి విండోస్‌తోనే వచ్చాయి. మళ్లీ తయారీదారు దగ్గరే తేలిపోయింది. షటిల్‌వర్త్ 2013లో ఆ మొదటి నంబర్ లోపాన్ని మూసేశారు, ఫోన్లు, టాబ్లెట్ల వల్ల లెక్క మారిందని.

లినక్స్ నిలబడిన చోట్ల ఆ నిర్ణయం ముందే ఎవరో గట్టిగా తీసుకున్నారు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఐటీ నేర్చుకునేది, పదో తరగతి ఐటీ పరీక్ష రాసేది లినక్స్ మీదే. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు తెలుగు మెనూలతో లినక్స్ తయారు చేశారు. పని మంచిదే, తయారీదారు దగ్గర తేలే నిర్ణయం మాత్రం వాళ్ల చేతిలో లేదు.

వెబ్ వాడకాన్ని లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ సంస్థ లెక్కల్లో 2024 ఫిబ్రవరిలో ప్రపంచవ్యాప్తంగా డెస్క్‌టాప్ లినక్స్ మొదటిసారి 4 శాతం దాటింది. వెబ్ పేజీలు ఎన్నిసార్లు తెరిచారన్నదాన్ని బట్టి వేసే లెక్క ఇది, అమ్మకాల లెక్క కాదు. 2020లో సొంత చిప్‌లకు మారాక మ్యాక్‌లకు కూడా ఆదరణ పెరిగింది. అయినా పెద్ద వాటా ఇంకా విండోస్‌దే.

విండోస్ 10తో మిగిలిపోయినవాళ్లకు మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తానని గడువిచ్చింది. అందుకు 30 డాలర్లు కట్టమంది, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేయమంది. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాక అక్కడి వాళ్లకు డబ్బు, బ్యాకప్ షరతులు రెండూ తీసేసింది. ఆఫీసులకైతే ఒక్కో మెషిన్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు అని పెట్టింది, అదీ 2028 అక్టోబర్ వరకే.