చేతిలో ఆడే పజిల్ గేములు, వాటికొచ్చే మార్కులు: అపోహలు - వాస్తవాలు

నేను ఉండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో. చిన్న టీములు తయారుచేసే పజిళ్లను బయటివాళ్లతో ఆడించి, ఎక్కడ తడబడుతున్నారో రాసిపెట్టడం నా పని. తెలుగులో గేమ్ రివ్యూలు కూడా రాస్తాను. చేత్తో పట్టుకుని ఆడే పజిల్ అడ్వెంచర్లంటే నాకు ప్రాణం. కథ నడుస్తూ ఉంటుంది, చిక్కుముడి విప్పితేనే తర్వాతి తలుపు తెరుచుకుంటుంది. కానీ నన్ను అడిగేవాళ్లలో చాలామంది గేమ్ గురించి అడగరు. "అన్నా, 85 వచ్చిందంట, కొనొచ్చా?" అంటారు.

అపోహ: 85 వచ్చిందంటే అందరికీ 85 శాతం నచ్చినట్టే.

గేమ్ రివ్యూలను ఒకచోట చేర్చే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో వందకి ఇంత అని కనిపించే నంబరు చాలామంది విమర్శకుల మార్కులకు సగటు. అందులోనూ అందరి మార్కులకూ ఒకే బరువు ఉండదు. 75 నుంచి ఆకుపచ్చ రంగు పడుతుంది. మన ఇంటర్ మార్కుల్లా అది ఒక మనిషి దిద్దిన పేపరు కాదు.

2007లో జపాన్‌లో, 2008లో అమెరికాలో నింటెండో డీఎస్ (రెండు స్క్రీన్లుండి, మూత మూసినట్టు మడిచే చేతి గేమ్ యంత్రం) మీద వచ్చిన 'ప్రొఫెసర్ లేటన్ అండ్ ది క్యూరియస్ విలేజ్' సంగతి చూడండి. దాని సగటు 85. బొమ్మలు, సంగీతం, పజిళ్ల తెలివి దాదాపు అందరికీ నచ్చాయి. తప్పుపట్టినవాళ్లు ఎక్కువగా పట్టుకున్నది ఒకటే: పజిళ్లకూ కథకూ సంబంధం లేదని. కథ జరిగే ఊళ్లో ఎవరిని పలకరించినా ఓ లెక్క ముందు పెడతారు. అది నిజమే. ఆ పజిళ్ల వెనక ఉన్నది అకిరా టాగో. ఆయన చిబా యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, 1960ల నుంచి పజిల్ పుస్తకాలు రాసి జపాన్‌లో పేరు తెచ్చుకున్నారు. అంటే ఆ పజిళ్ల సంప్రదాయం ఆ ఊరి కథ కంటే ఎంతో పాతది.

నాకైతే అది లోపంగా అనిపించలేదు. మా అమ్మమ్మ అన్నం కలుపుతూ "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అనేది. అన్నానికీ కనురెప్పలకీ ఏం సంబంధం? జవాబు దొరికేలోపు ముద్ద నోట్లోకి వెళ్లిపోయేది. లేటన్ ఊరు నాకు అలాగే ఉంటుంది. అలాంటి అమ్మమ్మ దగ్గర పెరగనివాళ్లకు అతుకులు కనబడొచ్చు, వాళ్ల మాటా సబబే. ఇద్దరినీ కలిపి 85 అంటే మాత్రం ఇద్దరి సంగతీ తెలియదు.

అపోహ: విమర్శకులు కూడా మనలాగే ఆడతారు.

ఆడరు. నేనూ ఆడను, ఆడే వీలుండదు. రివ్యూ బయటపెట్టే తేదీ ముందే ఖాయమై ఉంటుంది, మూడు నాలుగు రోజుల్లో ముగించాలి. రాత్రి ఒంటిగంటకు ఓ పజిల్ దగ్గర ఆగిపోతే, పడుకుని లేచాక చూద్దామనుకునే తీరిక ఉండదు. టెన్షన్‌తోనే ముందుకు తోస్తాం. మీరేమో గాజువాకలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేదాకా ఆడతారు, మళ్లీ ఎల్లుండి తీస్తారు. చేతిలో ఆడే గేము తయారైందే అలాంటి సమయం కోసం. తీర్పు చెప్పేవాడు దాన్ని ఇంకోలా ఆడి చెబుతున్నాడు.

2007 నాటి 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్'లో ఈ తేడా బాగా తెలుస్తుంది. జపాన్ పత్రిక ఫామిత్సు 40కి 39 ఇచ్చింది, మెటాక్రిటిక్ సగటు 90. అయినా ఆ గేమ్ ఆడినవాళ్లను కదిపి చూడండి, ముందు వచ్చే మాట ఓషన్ కింగ్ గుడి. కథ పొడవునా ఆ గుడికి తిరిగి తిరిగి రావాలి. ఇసుక గడియారం నడుస్తుంటే, దాటేసిన అంతస్తుల్లో చాలావాటిని మళ్లీ దాటాలి. కొందరు విమర్శకులూ ఈ సంగతి ఎత్తారు, కానీ మార్కుల మీద దాని నీడ పెద్దగా పడలేదు. వరసగా నాలుగు రోజులు ఆడేవాడికి దారి గుర్తుంటుంది కాబట్టి చకచకా దాటేస్తాడు. పది రోజుల తర్వాత మళ్లీ తెరిచినవాడికి అది మొదటి నుంచి మొదలు. ఆటగాళ్ల విసుగు ఉత్తినే పుట్టలేదు. 2009లో వచ్చిన తర్వాతి గేము 'స్పిరిట్ ట్రాక్స్'లోనూ మళ్లీ మళ్లీ వెళ్లే గోపురం ఉంది, కానీ పూర్తిచేసిన అంతస్తులను మళ్లీ ఆడనక్కర్లేదు.

అపోహ: ఆగిపోయానంటే పజిల్ బాగాలేదు.

నా పనిలో ఎక్కువ సమయం పోయేది దీని మీదే. ఆదివారం ఐదారుగురిని కూర్చోబెట్టి, గేమ్ చేతికిచ్చి, నేను పక్కన నోరెత్తకుండా కూర్చుంటాను. ఆగిపోవడంలో రకాలున్నాయి. చెయ్యి ఆగి, కళ్లు ఫ్యాను వైపు వెళ్లి, పెదాలు కదులుతున్నాయంటే ఆ మనిషి ఆలోచిస్తున్నాడు. పది నిమిషాలైనా నేను కదలను. వేలు స్క్రీన్ మీద అడ్డదిడ్డంగా పొడుస్తోందంటే, ఏం చెయ్యమంటున్నారో అతనికి అర్థం కాలేదు. అది పజిల్ తప్పు. ఇక మూడోది అన్నిటికన్నా ఘోరం: జవాబు తెలుసు, రాశాడు, గేమ్ తీసుకోవడం లేదు. స్టైలస్‌తో (స్క్రీన్ మీద రాసే పుల్లతో) రాసిన ఏడును ఒకటిగా చదివితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఫాంటమ్ అవర్‌గ్లాస్‌లోనే ఒక పజిల్ ఉంది. ఇన్నేళ్లయింది కాబట్టి జవాబు చెప్పేస్తున్నాను. పై స్క్రీన్‌లో ఉన్న గుర్తును కింది స్క్రీన్‌లోని మ్యాపు మీద ముద్ర వెయ్యమంటుంది. ఏం నొక్కినా పడదు. డీఎస్ మూతను మూసి తెరవాలి, అంతే. నాకు అరగంట పట్టింది, తట్టినప్పుడు గట్టిగా అరిచాను. తర్వాత మా చెల్లి ఆడింది. అక్కడే ఆగిపోయి, అమ్మ భోజనానికి పిలిస్తే మూత మూసి వెళ్లింది. వచ్చి తెరిస్తే ముద్ర పడి ఉంది. "ఏటన్నయ్యా, దానంతటదే అయిపోయింది?" అంది. నేను ఎవరికి చెప్పినా గొప్ప పజిల్ అంటాను, తనకది గుర్తు కూడా లేదు. ఇద్దరం ఆడింది ఒకే గేము, ఒకే డీఎస్.

అపోహ: హింట్ చూస్తే మోసం.

కాదు. లేటన్‌లో హింట్ కావాలంటే నాణెం ఖర్చుపెట్టాలి, ఆ నాణేలు ఊరంతా వెతుక్కోవాలి. వెతకడమూ ఆటే. తయారుచేసినవాళ్లు పెట్టిన మెట్టు ఎక్కడంలో తప్పేముంది?

అపోహ: స్టీమ్‌లో 96 శాతం అంటే మెటాక్రిటిక్ 83 కన్నా గొప్ప.

రెండింటి కొలత వేరు. స్టీమ్ అంటే కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. అక్కడ ఆటగాడు మార్కులు వెయ్యడు, ఆడమంటాడు లేదా వద్దంటాడు. 96 శాతం అంటే వందలో 96 మంది ఆడమన్నారని. "ఫరవాలేదు, బాగుంది" అన్నవాళ్లూ అందులో ఉంటారు.

అపోహ: జపాన్ గేమ్ జపాన్‌లోనే అమ్ముడుపోకపోతే దాని పని అయిపోయినట్టే.

పజిళ్లు విప్పి మూసిన గదుల్లోంచి బయటపడే గేమ్ 'నైన్ అవర్స్, నైన్ పర్సన్స్, నైన్ డోర్స్' 2009 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది, పెద్దగా అమ్ముడుపోలేదు. 2010 నవంబరులో అమెరికాలో దిగాక విమర్శకులు, ఆటగాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఆదరణతోనే 2012లో రెండో భాగం వచ్చింది. మూడోది 2014లో ఆగిపోయింది, కారణం మళ్లీ జపాన్ అమ్మకాలే. అభిమానులు ఊరుకోలేదు, ఉద్యమంలా నడిపారు. 2015లో ప్రకటించారు, 2016లో గేమ్ వచ్చింది. మొదటి భాగం మీద ఆటగాళ్ల ఫిర్యాదు ఒకటుండేది, వేరే ముగింపు కోసం తిరిగి ఆడితే విప్పిన గదులనే మళ్లీ విప్పాలని. 2017లో కొత్త రూపంలో విడుదల చేసినప్పుడు, కథలో కావలసిన చోటికి నేరుగా వెళ్లేలా పటం పెట్టారు.

కాబట్టి మీరు రివ్యూ రాస్తే నంబరుతో ఆపకండి. ఏ పజిల్ దగ్గర ఆగారు, ఎంతసేపు, హింట్ చూశారా, ఇంట్లో కూర్చుని ఆడారా బస్సులోనా, ఎన్ని రోజులకు ముగించారు, ఇవి రాయండి. ఆదివారం నా దగ్గర ఆడేవాళ్లను నేను అడిగేవి కూడా ఇవే.