బాంబు కింద పడితే పేలుతుందా? అపోహలు – వాస్తవాలు

మా ఇల్లు ఎన్‌ఏడీ కొత్త రోడ్డు దగ్గర. ఎన్‌ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని తెలియగానే, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు గొంతు తగ్గించి అడుగుతారు: "అణుబాంబు ఎక్కడైనా జారి పడితే మన వైజాగ్ ఏమైపోతుంది మామయ్యా?" నేను చేసింది మామూలు మందుగుండు భద్రత ఉద్యోగం, అదీ వేరే ఊళ్లో. అయినా అమెరికా బయటపెట్టిన అణు ప్రమాదాల రికార్డులు మాలాంటివాళ్లకు పాఠాలే.

అపోహ: కిందపడినా, నిప్పంటుకున్నా హిరోషిమానే.

వాస్తవం: ఇప్పటి ఆయుధాల్లో అణు విస్ఫోటనం జరగాలంటే, కోర్ (మధ్యలో ఉండే అణు పదార్థం) చుట్టూ ఉన్న పేలుడు మందు అన్నివైపులా ఒకే క్షణంలో పేలాలి. ఒక్కచోటే అంటుకుంటే, 4 పౌండ్ల టీఎన్‌టీ (మామూలు పేలుడు పదార్థం) శక్తిని మించిన అణుశక్తి వెలువడే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించకూడదని అమెరికా నియమం. 1966లో స్పెయిన్‌లోని పాలోమారెస్‌లో విమానాలు ఢీకొని నాలుగు బాంబులు పడ్డాయి. రెండింటిలో మందు పేలింది, అణు విస్ఫోటనం మాత్రం జరగలేదు. కానీ ప్లుటోనియం ధూళి పొలాల మీద పడింది. కాబట్టి "ఏం కాదులే" అనడమూ అపోహే.

అపోహ: కోపమొచ్చిన అధికారి ఎవరైనా బటన్ నొక్కేయొచ్చు.

వాస్తవం: మన దగ్గర ప్రధాని అధ్యక్షతన ఉండే పొలిటికల్ కౌన్సిల్ ఒక్కటే అనుమతి ఇవ్వగలదు. 2003 జనవరి 4న ప్రభుత్వమే ప్రకటించింది.

అపోహ: కంచె, కాపలా గట్టిగా ఉంటే చాలు.

వాస్తవం: నాకు టెన్షన్ పెట్టేది ఇదే. 2007లో అమెరికాలోని మైనాట్ స్థావరంలో కంచె ఉంది, కాపలా ఉంది. డమ్మీలు అనుకుని అసలు అణు వార్‌హెడ్లున్న (క్షిపణి కొసన ఉండే బాంబు భాగం) ఆరు క్రూయిజ్ క్షిపణులను విమానానికి తగిలించి లూసియానాకు పంపేశారు. దాదాపు 36 గంటలు ఎవరికీ తెలియలేదు. లోపలికి దొంగ రాలేదు, చూడాల్సినవాళ్లు చూడలేదు, అంతే.

1980లో ఆర్కన్సాలో టైటన్ క్షిపణి గోతిలో నట్లు బిగించే మూడున్నర కిలోల సాకెట్ ఒకటి చేయి జారింది. దాదాపు 80 అడుగులు పడి ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. తెల్లవారుజామున క్షిపణి పేలి ఒకరు చనిపోయారు. 9 మెగాటన్నుల వార్‌హెడ్ ఎగిరి బయట పడింది, పేలలేదు.

నేను పనిచేసిన చోట పనిముట్లు వేలాడదీసే బోర్డు మీద ఒక్కోదాని ఆకారం రంగుతో గీసి ఉండేది. ఒక సాయంత్రం 19 నంబరు సాకెట్ చోటు ఖాళీ. గేటు దగ్గర బస్సు హారన్ కొడుతోంది, కుర్రాళ్లు "రేపు చూద్దాం సార్" అంటున్నారు. మ్యాగజైన్ (మందుగుండు దాచే గది) తలుపు మూయనివ్వలేదు. రెండు గంటలు వెతికితే టార్పాలిన్ మడతలో దొరికింది. మర్నాటి నుంచి సాకెట్‌కు తాడు కట్టాం.