అడవిలో వేపాయింట్: చేతి జీపీఎస్ చూపేది, మనం రాసుకోవలసింది

హనుమకొండలోని వేయి స్తంభాల గుడి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖకు కాస్త పైన ఉంది. వరంగల్ కోట ఆ రేఖకు దిగువన ఉంది. గుడికి దక్షిణంగా అర కిలోమీటరు లోపలే ఆ రేఖ ఊరి నడుమ నుంచి పోతుంది. అక్కడ గీత గీసి లేదు, రాయి పాతి లేదు. రోజూ దాన్ని దాటి బడులకు, ఉద్యోగాలకు వెళ్ళే వేలమందికి దాని ఊసే తెలియదు. చేతిలో జీపీఎస్ రిసీవర్ పట్టుకుని దక్షిణంగా నడిస్తే మాత్రం తెర మీద అక్షాంశం 18.00004, 18.00002 అని తగ్గుతూ వచ్చి 17.99999కి దిగే చోటు కనబడుతుంది. అక్కడ ఆగి నిలబడితే, మనం కదలకపోయినా ఆ అంకె 18కి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అక్షాంశంలో ఐదో దశాంశ స్థానపు ఒక అంకె నేల మీద సుమారు 1.1 మీటర్లకు సమానం. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా మామూలు చేతి రిసీవర్ లెక్కలో 3 నుంచి 5 మీటర్ల తేడా సహజం. కాబట్టి తెర మీద చుక్కగా కనబడేది నిజానికి నేల మీద కొన్ని మీటర్ల వలయం. వేపాయింట్ పెట్టడంలోనూ, అంటే ఒక చోటిని పరికరంలో గుర్తుగా దాచుకోవడంలోనూ, పెట్టిన వేపాయింట్‌ను వెతుక్కుంటూ వెళ్ళడంలోనూ వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ వలయాన్ని మరచిపోవడం వల్లనే వస్తాయి.

ఆ వలయం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే లెక్క ఎలా జరుగుతుందో కొంత తెలియాలి. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ పరమాణు గడియారాల సమయాన్ని, తమ కక్ష్య వివరాలను ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. సంకేతం బయలుదేరిన వేళకూ చేరిన వేళకూ ఉన్న వ్యవధిని కాంతివేగంతో గుణించి రిసీవర్ దూరాన్ని తెలుసుకుంటుంది. సెకనులో పదిలక్షల వంతు పొరపాటు పడితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. రిసీవర్‌లో ఉండేది చవకైన క్వార్ట్‌జ్ గడియారం కనుక, అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు తన గడియారపు తప్పును కూడా తెలియని నాలుగో రాశిగా తీసుకుని, కనీసం నాలుగు ఉపగ్రహాల సాయంతో నాలుగింటినీ ఒకేసారి తేల్చుకుంటుంది. ఇక నేలకు చేరేసరికి ఆ సంకేతంలో మిగిలే శక్తి ఎంత అంటే, ఒక వాటును వంద కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు ఒక భాగం. అంత బలహీనమైన సంకేతాన్ని తడిసిన ఆకులు తేలికగా మింగేస్తాయి. ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో ఆగస్టు నెలలో టేకు చెట్ల కింద నిలబడినప్పుడు తెర చూపే ఖచ్చితత్వానికీ (తప్పు ఎన్ని మీటర్లు ఉండవచ్చన్న అంచనాకు), వేసవిలో టేకు ఆకు రాల్చాక అదే చోట చూపే ఖచ్చితత్వానికీ స్పష్టమైన తేడా ఉంటుంది. పాండవుల గుట్టల్లో ఉన్నటువంటి నిలువు రాతి గోడల పక్కన మరో రకం చిక్కు ఉంది: సంకేతం నేరుగా రాక, రాతికి తగిలి తిరిగి వస్తే, అది నడిచిన దారి పెరుగుతుంది, ఆ మేరకు మనం వేరే చోట ఉన్నట్టు లెక్క తేలుతుంది. రిసీవర్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుంటే మన శరీరమే సగం ఆకాశాన్ని మూసేస్తుందన్న సంగతి కూడా చాలామంది గమనించరు.

ఒక మేలు కూడా ఈ పద్ధతిలోనే ఉంది. రిసీవర్ వింటుందే తప్ప ఏదీ పంపదు. మేడారం జాతరలో లక్షల మంది ఒక్కచోట చేరి, ఫోను కలవడమే గగనమైన వేళ కూడా రిసీవర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఎంతమంది వింటున్నా ఉపగ్రహానికి బరువు పెరగదు. టవరు అందని లోపలి అడవిలోనూ అంతే.

వేపాయింట్ అంటే ఒక చోటి అక్షాంశ రేఖాంశాలకు ఒక పేరు పెట్టి పరికరంలో దాచుకోవడం. గార్మిన్ ఇట్రెక్స్ 10, 20, 30 వంటి చిన్న రిసీవర్లలో బొటనవేలితో కదిపే చిన్న పుల్లను నొక్కి పట్టుకుంటే చాలు, అప్పటి స్థానం గుర్తుగా మారుతుంది, దానికి 001 అనో 002 అనో పేరు దానంతటదే వస్తుంది. పని ఇంత సులువు కావడమే దీనితో వచ్చే ఇబ్బంది. సాయంత్రానికి నలభై గుర్తులు పోగవుతాయి. వాటిలో 017 చెలిమెనో, వాగు దాటే చోటో, బండి నిలిపిన చోటో వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు.

తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర బృహత్ శిలాయుగపు సమాధులు ఉన్నాయి. రాతి పలకలను నిలబెట్టి, పైన మరో పెద్ద పలక కప్పిన ఈ కట్టడాలను చుట్టుపక్కల వాళ్ళు రాకాసి గుళ్ళు అంటారు. అటువంటి చోట రెండు సమాధుల మధ్య ఆరేడు మీటర్ల ఎడమే ఉందనుకుందాం. ఒక్కో గుర్తుకు ఐదు మీటర్ల తప్పు ఉండవచ్చు కనుక, తూర్పు సమాధికి పెట్టిన వేపాయింట్ పటం మీద పడమటి సమాధికి పడమరగా పడినా ఆశ్చర్యం లేదు. అంకెలు ఎంత పొడవుగా ఉన్నా ఏది ఏదో అవి చెప్పలేవు. అందుకే ఇక్కడ గుర్తు పెట్టేవారు నింపాదిగా పని చేయాలి. సమాధి పక్కన, కొమ్మలు తక్కువగా ఉన్న వైపున నిలబడి, రిసీవర్‌ను శరీరానికి దూరంగా, ఆకాశానికి ఎదురుగా పట్టుకుని, ఖచ్చితత్వపు అంకె 12, 9, 6 మీటర్లు అని దిగి ఒకచోట కుదురుకునే దాకా ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే నొక్కాలి. నొక్కిన వెంటనే, అక్కడే, పేరు మార్చాలి. చాలా రిసీవర్లలో తెలుగు అక్షరాలు రాయడానికి వీలుండదు కనుక ఇంగ్లిష్ అక్షరాలతో ఊరి పేరుకు పొట్టి రూపం, వరుస సంఖ్య, వస్తువు రకానికి ఒక అక్షరం అనే క్రమం పెట్టుకుని, ప్రతిసారీ అదే క్రమం పాటిస్తే వెతకడం తేలిక. మిగిలిన సంగతులకు జేబులో చిన్న నోటుబుక్కు ఉండాలి: తేదీ, వేళ, తెర చూపిన ఖచ్చితత్వం, కప్పు పలక ఏ వైపు విరిగింది, పక్క సమాధి ఎన్ని అడుగుల దూరంలో ఏ దిక్కున ఉంది. నా ఉద్దేశంలో ఈ ఆఖరి వాక్యం విలువ తెర మీది ఐదు దశాంశ స్థానాల కన్నా ఎక్కువ. టేపుతో కొలిచిన ఆరు మీటర్లు నిజంగా ఆరు మీటర్లే.

ఇంకా మెరుగైన స్థానం కావాలంటే కొన్ని రిసీవర్లలో సగటు తీసే వీలు ఉంది. ఒకే చోట అనేకసార్లు కొలిచి సగటు తీసుకోవడం మంచిదే. వరుసగా పది నిమిషాలు కొలిస్తే మాత్రం పెద్ద ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ఆ కాస్త సమయంలో ఉపగ్రహాల అమరిక అంతగా మారదు, తప్పు కూడా ఒకే వైపు మొగ్గి ఉంటుంది. రెండు కొలతల మధ్య కనీసం గంటన్నర ఎడం ఉంటే అమరిక మారి, తప్పులు ఒకదానినొకటి కొంత రద్దు చేసుకుంటాయి. అడవికి పొద్దున వెళ్ళేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే రాయి దగ్గర కొలవడం అందరికీ వీలయ్యే పని.

అంకెలు రాసుకునే తీరులో మరో గుంత ఉంది. ఒకే చోటును డిగ్రీలు దశాంశాలుగా, డిగ్రీలు నిమిషాలుగా, డిగ్రీలు నిమిషాలు సెకన్లుగా మూడు విధాల రాయవచ్చు. పాలంపేట రామప్ప గుడి అక్షాంశాన్ని 18 డిగ్రీల 15.55 నిమిషాలుగా ఒకరు చెప్పారనుకుందాం. వినేవారు దాన్ని 18 డిగ్రీల 15 నిమిషాల 55 సెకన్లుగా రాసుకుంటే, నిజానికి 33 సెకన్లు ఉండవలసిన చోట 55 పడుతుంది. అక్షాంశంలో ఒక సెకను దాదాపు 31 మీటర్లు. ఆ 22 సెకన్ల తేడాకు గుర్తు 670 మీటర్లకు పైగా ఉత్తరానికి జరిగిపోతుంది. గుడి వంటి చోట తప్పు వెంటనే తెలిసిపోతుంది. వెదురు పొదల మధ్య ఉన్న చెలిమె అయితే మనిషి రోజంతా తిరగవలసి వస్తుంది. ఒక బృందం కలిసి పనిచేసేటప్పుడు బయలుదేరే ముందే అందరి రిసీవర్లూ ఒకే పద్ధతిలో పెట్టుకోవాలి. ఫోనులో అంకెలు చదివి చెప్పేటప్పుడు డిగ్రీ, నిమిషం, పాయింట్ అన్న మాటలను విడిగా పలకాలి.

పటంతో కలిపి వాడేవారు గమనించవలసినవి మరో రెండు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు, అంటే గుట్టలూ వాగులూ చూపే పటాలు, ఎవరెస్ట్ గోళాభం అనే పాత భూమి ఆకార నమూనా ఆధారంగా తయారైనవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా. రిసీవర్ సెట్టింగు మార్చకుండా దాని అంకెలను పాత షీటు మీద గుర్తిస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైనే తేడా వస్తుంది. రెండోది యూటీఎం పద్ధతి. ఇందులో స్థానం మీటర్లలో ఉంటుంది కనుక దూరాలు లెక్కించడం హాయి. అయితే భూమిని 6 డిగ్రీల పట్టీలుగా, అంటే జోన్లుగా విడగొట్టారు, ప్రతి జోనులోనూ అవే అంకెలు మళ్ళీ వస్తాయి. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున 44వ జోను, పడమర 43వ జోను. ఆ సరిహద్దు నిజామాబాద్‌కూ బోధన్‌కూ మధ్య నుంచి పోతుంది. వరంగల్, ములుగు, నిజామాబాద్ 44లో ఉంటే, బోధన్, బాసర 43లో ఉన్నాయి. బోధన్‌లో ఒక చోటి యూటీఎం అంకెలను జోను సంఖ్య రాయకుండా ఇచ్చి, అందుకున్నవారు 44 అనుకుని ఎక్కిస్తే ఆ గుర్తు ఆరు వందల కిలోమీటర్లకు పైగా తూర్పుకు పోయి ఆంధ్రప్రదేశ్‌లోని పాలకొండ పరిసరాల్లో తేలుతుంది. జోను సంఖ్య లేని యూటీఎం అంకెలు పిన్‌కోడు లేకుండా వీధి పేరు ఒక్కటే రాసిన ఉత్తరం లాంటివి.

ఇక వేపాయింట్ వెంట నడవడం. జాబితాలో పేరు ఎంచుకుని గో అంటే తెర మీద బాణం, దూరం కనబడతాయి. నిలబడి ఉన్నప్పుడు మామూలు రిసీవర్‌కు మనం ఎటు తిరిగి ఉన్నామో తెలియదు. వరుస స్థానాల తేడా నుంచే అది దిక్కును గ్రహిస్తుంది కనుక పది పదిహేను అడుగులు నడిస్తేనే బాణం నిజం చెబుతుంది. ఎలక్ట్రానిక్ దిక్సూచి ఉన్న రిసీవర్లు నిలబడినా చూపుతాయి గానీ, బ్యాటరీలు మార్చినప్పుడల్లా వాటిని మళ్ళీ సరిచేయాలి. ఎలా చూపినా బాణం చూపేది సరళరేఖనే. మేడారం దగ్గర వేపాయింట్ 900 మీటర్లు అని తెర చెబుతున్నప్పుడు, ఆ 900 మీటర్ల మధ్య జంపన్న వాగు నిండుగా పారుతోందో, ఇసుక తేలి ఉందో రిసీవర్‌కు తెలియదు. ఈ అడవుల్లో దారి అంటే వాగులను ఎక్కడ దాటవచ్చో తెలియడమే. అందుకే గమ్యానికి ఒక్క గుర్తు చాలదు: రేవు దగ్గర ఒకటి, బండిబాట చీలే చోట ఒకటి, గుట్ట ఎక్కే కనుమ దగ్గర ఒకటి పెట్టుకుని వాటిని వరుసగా కలిపి రూటుగా దాచుకోవాలి. మన నడక మొత్తాన్ని రిసీవర్ తనంతట తాను ట్రాకుగా రాసుకుంటుంది. తిరుగు ప్రయాణంలో చీకటి పడితే ఆ ట్రాకునే వెనక్కి పట్టుకోవడం అన్నిటికన్నా సురక్షితం, ఎందుకంటే అది ఇప్పటికే కాళ్ళు నడిచిన నేల.

బ్యాటరీలు అయిపోయినప్పుడు పనికొచ్చే పాత ఉపాయం ఒకటుంది. బండి తూర్పు పడమరలుగా పోయే రోడ్డు మీద నిలిపి ఉందని, మనం దానికి ఉత్తరాన ఉన్నామని అనుకుందాం. నేరుగా బండి వైపే నడిస్తే, రోడ్డు చేరాక అది కనబడకపోతే ఎటు వెళ్ళాలో తోచదు. కావాలనే రెండు మూడు వందల మీటర్లు తూర్పుకు మొగ్గి నడిస్తే, రోడ్డు తగిలాక పడమరకు తిరగాలన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

చేతి రిసీవర్‌ను దాని శక్తికి మించిన పనికి వాడడం గురించి గట్టిగానే చెప్పవలసి ఉంది. పోడు భూమి కొలతల్లో జీపీఎస్ మాట తరచుగా వినబడుతుంది. ఎకరం అంటే 40 గుంటలు, సుమారు 4,047 చదరపు మీటర్లు. చదరపు మడి అయితే ఒక్కో వైపు దాదాపు 64 మీటర్లు. ఒక అంచు ఐదు మీటర్లు లోపలికి జరిగినట్టు తేలితే రైతు లెక్కలో మూడు గుంటలకు పైగా పోతుంది. నాలుగు మూలలనూ తెరిపిలో, ఒకే పూట, వరుసగా కొలిస్తే తప్పు నాలుగింటికీ దాదాపు ఒకే వైపు ఉండి వైశాల్యం పెద్దగా చెడదు. రెండు మూలలు చెట్ల కింద ఉన్నా, సగం పని మరో రోజుకు వాయిదా పడినా ఆ భరోసా పోతుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద 2012లో సవరించిన నియమాలు కూడా ఉపగ్రహ చిత్రాలు, ఇతర సాంకేతిక సాధనాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటికి బదులు కాజాలవని చెబుతున్నాయి. హద్దు తగాదా తీర్చడానికి సెంటీమీటర్ల ఖచ్చితత్వమున్న సర్వే పరికరాలు వేరే ఉన్నాయి.

ఇంటికి వచ్చాక ఆ రాత్రే గుర్తులను జీపీఎక్స్ (జీపీఎస్ గుర్తులు, ట్రాకులు దాచే ఫైలు రకం) ఫైలుగా కంప్యూటర్‌లోకి దించి, నోటుబుక్కులోని వివరాలను ఒక్కో పేరు ఎదురుగా రాసి, అక్కర లేని వాటిని తీసేయాలి. ఆ ఫైలును ఇతరులకు పంపే ముందు మాత్రం ఒక్క క్షణం ఆలోచించాలి. పాత గుళ్ళలో, రాతి సమాధుల్లో గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఐదు దశాంశ స్థానాల అంకెలు వాళ్ళను నేరుగా పలక దగ్గరకు తీసుకెళ్తాయి. పులి అడుగులు కనబడిన చోటుకూ, గద్ద గూడు కట్టిన చెట్టుకూ ఇదే వర్తిస్తుంది. పదిమందికీ చూపే పటంలో రెండు దశాంశ స్థానాలు ఉంచితే చాలు, చోటు కిలోమీటరు మేర మసకబారుతుంది. పూర్తి అంకెలు పురావస్తు శాఖకో అటవీ శాఖకో ఇచ్చే కాపీలో ఉంటాయి.