స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మెనూలా, కమాండ్‌లా? అపోహలు - వాస్తవాలు

మెడికల్ పీజీ విద్యార్థుల థీసిస్‌లకు స్టాటిస్టిక్స్ చూసిపెట్టడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ఎస్‌పీఎస్‌ఎస్ సరిపోతుందా, ఆర్ నేర్చుకోవాల్సిందేనా?" రెండూ స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లే. ఎస్‌పీఎస్‌ఎస్‌ను ఎక్కువమంది మెనూలతో నడుపుతారు, ఆర్‌లో కమాండ్‌లు రాయాలి.

అపోహ: మెనూలతో చేసిన లెక్క కంటే కోడ్‌తో చేసిన లెక్కే నమ్మకమైనది.

వాస్తవం: డేటా, పద్ధతి ఒకటే అయితే జవాబూ ఒకటే. రెండు గుంపుల సగటులను పోల్చే టీ-టెస్ట్‌లో తేడా వచ్చిందని కంగారుపడేవాళ్లు ఒకటి గమనించాలి. ఆర్ మనం ఏమీ చెప్పకపోతే వెల్చ్ పద్ధతి (రెండు గుంపుల్లో వేరియన్స్, అంటే విలువల చెదురు, సమానమని అనుకోని పద్ధతి) వాడుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ రెండు వరసలు చూపిస్తుంది. వాటిలో కింది వరసే వెల్చ్.

అపోహ: మెనూలు వాడితే ఏం చేశామో రికార్డు మిగలదు.

వాస్తవం: మిగులుతుంది, మనం మిగుల్చుకుంటే. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఓకే పక్కనే పేస్ట్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే మీరు ఎంచుకున్నవన్నీ కమాండ్‌లుగా సింటాక్స్ విండోలోకి వస్తాయి. అక్కడి నుంచి రన్ చేసి, ఆ ఫైల్ సేవ్ చేసుకోవాలి. స్టాటా అనే మరో సాఫ్ట్‌వేర్ అయితే మెనూలో చేసిన పనికి కమాండ్ ఏమిటో ఫలితాల పైనే చూపిస్తుంది.

ఈ బటన్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఒక విద్యార్థిని సబ్మిషన్‌కు మూడు రోజుల ముందు వచ్చింది. మొత్తం 120 మంది రోగులు. మొదటి మూడు టేబుళ్లలో 120 ఉంది, నాలుగో టేబుల్ నుంచి అన్నిట్లోనూ 52. డేటా తెరిచి చూస్తే చాలా వరస నంబర్ల మీద ఏటవాలు గీతలు, తెర అడుగున 'ఫిల్టర్ ఆన్' అన్న మాట. నాలుగో టేబుల్ కోసం షుగర్ ఉన్నవాళ్లను మాత్రమే ఎంచుకుని, ఆ ఫిల్టర్ తీయడం మర్చిపోయింది. సింటాక్స్ ఉంటే ఫిల్టర్ తీసేసి రన్ చేస్తే నిమిషాల్లో అయిపోయేది. ఏ టేబుల్‌కి ఏ ఆప్షన్లు నొక్కిందో తనకు గుర్తులేదు. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ మళ్లీ చేశాం. ఆ అమ్మాయి పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే నా తాపత్రయం.

అపోహ: కమాండ్ రాస్తే తప్పులు దొర్లవు.

వాస్తవం: స్టాటాలో ఖాళీ విలువను ఏ అంకె కన్నా పెద్దదిగా లెక్కిస్తారు. అందుకే "వయసు 60 కన్నా ఎక్కువ" అని కమాండ్ రాస్తే, వయసు నమోదు కాని రోగులూ వృద్ధుల్లో చేరిపోతారు. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. ఇక ఆర్‌లో కన్సోల్‌లోనే టైప్ చేసుకుంటూ పోయి స్క్రిప్ట్ (కమాండ్‌ల ఫైల్) దాచుకోనివాళ్లు, పేస్ట్ నొక్కనివాళ్లతో సమానమే.

అపోహ: ఆర్ ప్రోగ్రామర్లకే.

వాస్తవం: దాన్ని మొదలుపెట్టిన రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఇద్దరూ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పేవాళ్లు. తమ విద్యార్థుల ల్యాబ్‌కు పనికొచ్చే సాఫ్ట్‌వేర్ కోసం దాన్ని తయారుచేశారు. 2000 ఫిబ్రవరి 29న 1.0.0 వెర్షన్ వచ్చింది. ఇప్పటికీ ఉచితమే. మొదట్లో భయమనిపిస్తే జమోవి వేసుకోండి, అదీ ఉచితమే. మెనూలతోనే నడుస్తుంది, లోపల పనిచేసేది ఆర్. సెట్టింగ్స్‌లో సింటాక్స్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి టేబుల్ పైన దాని ఆర్ కోడ్ కనిపిస్తుంది. మెనూలో ఒక వేరియబుల్ మార్చి, ఆ కోడ్‌లో ఏ మాట మారిందో చూడండి.