తడిసిన రైఫిల్ తొలి గుండు ఎక్కడ పడుతుంది?

స్టెయిన్‌లెస్ స్టీల్ కథ తుపాకీ గొట్టం దగ్గరే మొదలైంది. కాల్చేకొద్దీ రైఫిల్ గొట్టాలు లోపల అరిగిపోతున్నాయని, దానికి విరుగుడు వెతకమని ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పనిచేసే హ్యారీ బ్రియర్లీకి అప్పగించారు. 1913 ఆగస్టులో ఆయన పోత పోయించిన ఉక్కులో 12.8 శాతం క్రోమియం ఉంది. దాన్ని పరీక్షించేటప్పుడు ఆమ్లాలు దాన్ని సులువుగా తినలేకపోతున్నాయని తెలిసింది. అయితే ఆ ఉక్కు ముందుగా వెళ్లింది గొట్టాల్లోకి కాదు, భోజనాల బల్ల మీది కత్తుల్లోకి.

ఇవాళ వేటకు వాడే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను (గొట్టం వెనకభాగాన్ని మూసే 'బోల్ట్' అనే కడ్డీని ప్రతి గుండుకీ చేత్తో జరిపే రకం) 'ఏ వాతావరణాన్నయినా తట్టుకుంటుంది' అని అమ్ముతుంటే, ఆ మాట వెనక సాధారణంగా ఉండేవి రెండే: స్టెయిన్‌లెస్ గొట్టం, ప్లాస్టిక్ స్టాక్ (గొట్టాన్ని పట్టి ఉంచే, భుజానికి ఆనించే భాగం). అవి ఉంటే చాలని నేను అనుకోను. తుప్పు పట్టిందా లేదా అన్నది సగం ప్రశ్నే. వానలో తడిసి, రాత్రంతా చలిలో ఉన్న రైఫిల్ నుంచి పొద్దున్నే వెళ్లే మొదటి గుండు, పొడిగా ఉన్నప్పుడు పడ్డ చోటే పడుతుందా? అసలు ప్రశ్న అది. అది తప్పితే జంతువు గాయంతో పారిపోతుంది, గంటలకొద్దీ నరకం పడుతుంది. అందుకే ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు.

ముందు ఉక్కు సంగతి. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కొన్ని నానోమీటర్ల మందం ఉండే పొరగా ఉక్కును కప్పేస్తుంది. గీత పడినా ఆక్సిజన్ అందితే పొర మళ్లీ కట్టుకుంటుంది. వంటగిన్నెల ఉక్కులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. కానీ ఆ రకం ఉక్కు వేడిచేసి చల్లార్చినా గట్టిపడదు. 308 విన్‌చెస్టర్ తూటా పేలినప్పుడు పీడనం 4,000 బార్ల దాకా వెళ్తుంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి నాలుగు వేల రెట్లు. అందుకని గొట్టాలకు ఎక్కువగా 416 రకం ఉక్కు వాడతారు. అందులో క్రోమియం 12 నుంచి 14 శాతమే. రంధ్రం సులువుగా తొలచడానికి కొద్దిగా గంధకం కూడా కలుపుతారు. ఆ గంధకం ఉక్కులో మాంగనీస్ సల్ఫైడ్ నలుసులుగా మిగులుతుంది. ఉప్పు నీరు, చేతి చెమట గుంటలు పెట్టడం మొదలుపెట్టేది సరిగ్గా అక్కడే. అంటే స్టెయిన్‌లెస్ గొట్టం మన వంటగిన్నె కన్నా త్వరగా తుప్పు పడుతుంది.

మామూలు ఉక్కు గొట్టాల మీద కనిపించే నీలి నలుపు కూడా ఇనుము ఆక్సైడే, మాగ్నటైట్. అది సన్నటి, రంధ్రాలున్న పొర. నూనెను పట్టి ఉంచుతుంది, ఆ నూనె ఉన్నంతసేపే కాపాడుతుంది.

పైకి మెరిసే రైఫిల్లో కూడా ట్రిగ్గర్ పిన్నులు, స్ప్రింగులు, గురి చూసే దుర్బిణి (స్కోపు) మరలు చాలాసార్లు మామూలు ఉక్కువే. తుప్పు కంటికి కనబడని ఆ మూలల్లోనే మొదలవుతుంది. అందుకే గొట్టం కన్నా ముందు నేను వాటినే చూడమంటాను.

ఇక స్టాక్. తుప్పు కన్నా గురిని ఎక్కువగా చెడగొట్టేది ఇదే. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పచ్చి వాల్‌నట్ చెక్క పూర్తిగా ఆరేసరికి పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుంది. తడిస్తే అదే దారిలో వెనక్కి వస్తుంది. అలా ఉబ్బి వంగిన స్టాక్ గొట్టాన్ని పక్కకు నెట్టిందనుకోండి. 60 సెంటీమీటర్ల గొట్టం కొన 0.17 మిల్లీమీటరు జరిగితే, అంటే రెండు కాగితాల మందమంత, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం మారుతుంది. 100 మీటర్ల దూరంలో గుండు 2.9 సెంటీమీటర్లు పక్కన పడుతుంది, 300 మీటర్లలో దాదాపు 9.

అందుకే గొట్టానికీ స్టాక్‌కీ మధ్య ఖాళీ వదులుతారు. ఆ సందులో కాగితం జారుతుందో లేదో చూడటం పాత పరీక్ష. పొడిగా ఒకసారి, బాగా తడిశాక ఒకసారి, స్టాక్ ముందు భాగాన్ని చేత్తో నొక్కి ఇంకోసారి చూడాలి. చవక ప్లాస్టిక్ స్టాకులు ఈ మూడోసారి దొరికిపోతాయి. ప్లాస్టిక్ నీరు పీల్చదన్నది కూడా పూర్తి నిజం కాదు. ఏమీ కలపని నైలాన్ 6 నీటిలో నానితే తన బరువులో 9 శాతం దాకా నీరు పడుతుంది. గాజు పీచు కలిపితే అది తగ్గుతుంది.

కెనడా ఉత్తర ప్రాంతాల్లో కాపలా తిరిగే కెనడియన్ రేంజర్లు పాత లీ ఎన్‌ఫీల్డ్ బదులు ఇప్పుడు వాడే సి19 రైఫిల్‌కు ప్లాస్టిక్ స్టాక్ లేదు. పల్చటి చెక్క పొరలను జిగురుతో అతికించి చేసిన స్టాక్ అది. గొట్టం స్టెయిన్‌లెస్. మైనస్ 51 డిగ్రీల్లోనూ పనిచేసేలా, మందపాటి గ్లౌజులతో వాడేలా దాన్ని తయారుచేశారు.

అంత చలిలో ఇబ్బంది పెట్టేది గ్రీజు. బోల్ట్ లోపల అది చిక్కబడితే, తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, తూటా అడుగున చిన్న నొక్కు పడి ఊరుకుంటుంది, పేలదు. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన రైఫిల్‌కు కళ్లద్దాలకు పట్టినట్టే చెమ్మ పడుతుంది. మళ్లీ బయటికి తీసుకెళ్తే ఆ చెమ్మే బోల్ట్ లోపల మంచవుతుంది.

గొట్టంలో నీరు, మంచు ఉండగా కాల్చితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. సన్నటి గొట్టంలో నీరు దానంతట అది కారిపోదు కూడా. తూటా తీసేసి, బోల్ట్ తెరిచి గాలి ఆడనిచ్చి, గొట్టం కొన కిందికి ఉండేలా పట్టుకోవాలి. చాలామంది వేటగాళ్లు కొనకు సన్నటి టేపు అంటిస్తారు. గుండు కన్నా ముందు తోసుకొచ్చే గాలే దాన్ని చించేస్తుంది.

ఇంతకీ ఎలా పరీక్షించాలి? మూడు గుండ్లు దగ్గర దగ్గరగా పడ్డ గురి అట్ట ఫొటోను నేను నమ్మను. అదే రైఫిల్‌తో పది కాల్చితే, అన్నిటికన్నా దూరంగా పడ్డ రెండిటి మధ్య ఎడం సగటున మూడు గుండ్ల ఎడానికి 1.6 రెట్లు ఉంటుంది. రైఫిల్ పాడవక్కర్లేదు, లెక్క పెరిగితే చెదురూ కనిపిస్తుంది. చల్లటి గొట్టంతో రోజుకు ఒక్క గుండు చొప్పున ఐదు రోజులు ఒకే అట్ట మీద కాల్చండి. తర్వాత రైఫిల్‌ను రోజూ గంటసేపు వానలో ఉంచి, గొట్టంలో నీరు లేదని చూసుకుని, ఇంకో అట్ట మీద మరో ఐదు. రెండు అట్టల మీదా గుండ్ల నడిమి చోటు గుర్తించండి. గుండ్ల సహజ చెదురు సెంటీమీటరు దగ్గర ఉంటే, నడిమి చోట్ల మధ్య అర సెంటీమీటరు తేడాకు టెన్షన్ అక్కర్లేదు. రెండు సెంటీమీటర్లు దాటితే తప్పు స్టాక్‌దో మరలదో వెతకాలి. ఆ తర్వాత రైఫిల్‌ను తుడవకుండా ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే స్టాక్ ఊడదీసి, గొట్టం అడుగునా స్ప్రింగుల చుట్టల్లోనూ నారింజ రంగు చుక్కలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.